గాల్లో కుర్చీ.. కింద 20 అంతస్తులు! బిల్డింగ్ బయట పనిచేసేవాళ్ల ప్రాణం కాపాడేది కుర్చీ కాదు.. మరేంటి?

దసరాకో, సంక్రాంతికో ముందు అపార్ట్‌మెంట్‌కు రంగులు వేయిస్తుంటారు. పొద్దున్నే కాఫీ కప్పుతో బాల్కనీలోకి వస్తే.. ఎదురుగా గాల్లో రెండు కాళ్లు కనిపిస్తాయి. కాసేపటికి మనిషి కిందికి దిగుతాడు. ఒక చెక్క పలక మీద కూర్చుని, పక్కన పెయింట్ డబ్బా వేలాడదీసుకుని, చేతిలో రోలర్‌తో గోడకు రంగు రాస్తుంటాడు. "ఎంత ధైర్యం!" అనుకుంటూ లోపలికి వెళ్లిపోతారు చాలామంది.

కానీ ఒక్కసారి పైకి చూడండి. ఆ మనిషిని మోస్తున్న తాళ్లు ఎన్ని? ఒకటా.. రెండా? ఆ తాడు టెర్రస్ మీద దేనికి కట్టారు? ఆ ప్రాణం నిలబడేది ఈ రెండు ప్రశ్నల మీదే. హైదరాబాద్‌లో కోకాపేట, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ వైపు టవర్లు ఆకాశాన్ని అంటుతున్నాయి. విజయవాడ, విశాఖపట్నంలోనూ అపార్ట్‌మెంట్ల ఎత్తు పెరుగుతోంది. ఎత్తు పెరిగేకొద్దీ బయట రంగులు వేసేవాళ్లు, అద్దాలు తుడిచేవాళ్లు, లీకేజీలు సరిచేసేవాళ్ల అవసరమూ పెరుగుతోంది. మరి వాళ్లు కూర్చునే ఆ వేలాడే కుర్చీ ఎలా పనిచేస్తుంది? ఎక్కడ తేడా కొడుతుంది? పూర్తి వివరాలు ఇవి.

ఓడల మీద నుంచి మేడల మీదికి..

ఈ కుర్చీని ఇంగ్లీషులో 'బోసన్స్ చైర్' అంటారు. తెరచాప ఓడల కాలం నాటి పేరు ఇది. ఓడలో తాళ్లు, తెరచాపలు, డెక్ పనులు చూసుకునే అధికారిని బోసన్ అనేవాళ్లు. ఎత్తయిన స్తంభం మీద మరమ్మతు చేయాలంటే ఒక పలకకు తాళ్లు కట్టి, దాని మీద మనిషిని కూర్చోబెట్టి పైకి లాగేవాళ్లు. ఆ పలకే తర్వాత మేడల మీదికి వచ్చింది. ఇక్కడి పెయింటర్లు చాలాచోట్ల దీన్ని 'ఝూలా' అంటారు.

పాత ఝూలా చాలా సింపుల్. ఒక పలక, దానికి రెండు పక్కలా తాడు, పైన ఒక ముడి. కిందికి దిగాలంటే చేత్తో తాడు వదులుకుంటూ రావాలి. లేదంటే టెర్రస్ మీద ఉన్న మనిషి వదలాలి. చెయ్యి జారితే.. ఇక ఆపేది ఏదీ ఉండదు.

కొత్త రకం కుర్చీలో ఏమేం అడ్జస్ట్ చేసుకోవచ్చు?

ఇప్పుడు వస్తున్న అడ్జస్టబుల్ సీట్లు అలా ఉండవు. గట్టి పలక లేదా దళసరి బెల్టు గుడ్డతో సీటు ఉంటుంది. దాన్ని మోసే పట్టీల పొడవును బకిల్స్‌తో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దీనివల్ల పొట్టివాళ్లకు, పొడుగువాళ్లకు ఒకే సీటు సరిపోతుంది. ముందుకు ఒరగాలన్నా, నిటారుగా కూర్చోవాలన్నా పట్టీలు సవరించుకుంటే చాలు. కొన్నింటికి వీపు ఆనించుకునే పట్టీ, కాళ్లు పెట్టుకునే పట్టీ కూడా ఉంటాయి. బకెట్, స్ప్రే గన్, బ్రష్షులు తగిలించుకోవడానికి పక్కన రింగులు ఇస్తారు.

అసలైన అడ్జస్ట్‌మెంట్ మాత్రం ఎత్తుదే. కిందికి దిగే పద్ధతిని బట్టి ఈ సీట్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది డిసెండర్‌తో దిగేది. డిసెండర్ అంటే తాడును బిగించి పట్టుకునే బ్రేకు లాంటి పరికరం. హ్యాండిల్ నొక్కితే తాడు నెమ్మదిగా జారుతుంది. వదిలేస్తే ఎక్కడికక్కడ ఆగిపోతుంది. మంచి పరికరాల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంటుంది. కంగారులో హ్యాండిల్‌ను మరీ గట్టిగా నొక్కేసినా లాక్ పడిపోతుంది. ఈ రకం సీటు ప్రధానంగా దిగడానికే. పని కిందిదాకా అయ్యాక మళ్లీ లిఫ్టులో పైకి వెళ్లి పక్క వరుసలో దిగుతారు.

రెండోది చేత్తో తిప్పే వించ్ ఉన్న సీటు. హ్యాండిల్ తిప్పుతూ పైకీ కిందికీ వెళ్లొచ్చు. మూడోది కరెంటు మోటారుతో, స్టీలు వైరు రోప్ మీద నడిచే సీటు. బటన్ నొక్కితే ఎక్కుతుంది, దిగుతుంది. ఇద్దరు ముగ్గురు నిలబడి పనిచేసే తొట్టి లాంటి గొండోలా ఉంటుంది కదా.. దానికి ఒక్క మనిషి కూర్చునే తమ్ముడు అనుకోవచ్చు.

బెల్టు ఉంటే సరిపోదా? మళ్లీ కుర్చీ ఎందుకు?

ఒంటికి హార్నెస్ కట్టుకుంటే చాలు కదా, కుర్చీ ఎందుకు అనే అనుమానం రావచ్చు. హార్నెస్ అంటే భుజాలు, ఛాతీ, తొడలు చుట్టి బిగించే బెల్టు. పడిపోయే మనిషిని పట్టి ఆపడం దాని పని. గంటల తరబడి కూర్చోబెట్టడం దాని పని కాదు. హార్నెస్ మీదే ఎక్కువసేపు వేలాడితే తొడల దగ్గర పట్టీలు ఒరుసుకుంటాయి. కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. స్పృహ తప్పో, దెబ్బ తగిలో మనిషి కదలకుండా హార్నెస్‌కు వేలాడుతూ ఉండిపోతే రక్తం కాళ్లలోనే పేరుకుంటుంది. గుండెకు, మెదడుకు అందాల్సిన రక్తం తగ్గిపోతుంది. నిమిషాల్లోనే పరిస్థితి ప్రాణం మీదికి వస్తుంది. తాడు తెగలేదు, కింద పడలేదు.. అయినా వేలాడుతూనే మనిషి పోయే ప్రమాదం ఉంటుందన్నమాట.

అందుకే యూరోపియన్ యూనియన్ 2001లో ఎత్తుల మీద పనికి తెచ్చిన నిబంధనల్లో కుర్చీ ప్రస్తావన నేరుగా ఉంది. పని ఎంతసేపు పడుతుంది, ఒంటికి ఎంత శ్రమ అన్నది చూసుకుని తాడు మీద పనిచేసేవాళ్లకు తగిన సీటు ఇవ్వాలని చెప్పింది. అంటే కుర్చీ సోకు కాదు, ఆరోగ్యానికి అవసరం. కానీ కుర్చీ ఉంది కదా అని హార్నెస్ తీసేయడం మాత్రం పెద్ద తప్పు. రెండూ ఉండాలి. సీటు కూర్చోవడానికి.. హార్నెస్ పడకుండా పట్టుకోవడానికి.

కుర్చీకి 136 కిలోలు.. తాడుకు 2,268 కిలోలు!

ఈ తేడా అర్థం కావాలంటే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన చూడాలి. బిల్డింగుల మీద నుంచి తాడుతో దిగే పనులకు 2016లో అది స్పష్టమైన రూల్స్ ప్రకటించింది. వాటి ప్రకారం కూర్చునే పలక 300 పౌండ్ల బరువు ఆపితే చాలు. అంటే సుమారు 136 కిలోలు. తాడు, మిగతా లోడు మోసే భాగాలు మాత్రం 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,268 కిలోలు తట్టుకోవాలి.

మనిషి బరువు 70, 80 కిలోలే కదా.. అంత బలం ఎందుకు? ఎందుకంటే కదలకుండా కూర్చున్న మనిషి బరువు వేరు, జారిపడుతున్న మనిషిని ఒక్క కుదుపుతో ఆపాల్సిన బలం వేరు. బావిలో చేద నెమ్మదిగా దించితే తాడుకు ఏమీ కాదు. అదే చేద పట్టు జారి పడి తాడు చివరికొచ్చి ఆగితే ఎంత జర్కు వస్తుందో ఊళ్లో నీళ్లు తోడినవాళ్లకు బాగా తెలుసు. ఇదీ అంతే. పైగా తాడు వాడేకొద్దీ అరుగుతుంది, ముడి వేసిన చోట బలం తగ్గుతుంది. అందుకే ముందే అంత మిగులు పెట్టుకోవాలి.

10 అంతస్తులు, అంటే సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేల తాకడానికి పట్టేది రెండున్నర సెకన్లే. అప్పటికి వేగం గంటకు 85 కిలోమీటర్లు దాటుతుంది. ఆ రెండున్నర సెకన్లలో మనిషి చేతులతో చేయగలిగింది ఏమీ లేదు. ముందే కట్టి ఉన్నదే కాపాడాలి.

ఆ రెండో తాడే అసలు హీరో

ఇక్కడే అసలు విషయం. తాడు మీద పనిచేసే పద్ధతిలో మొదటి సూత్రం.. ఎప్పుడూ రెండు తాళ్లు ఉండాలి. ఒకటి పని తాడు. కుర్చీ దీని మీదే నడుస్తుంది. రెండోది రక్షణ తాడు. దీన్ని కుర్చీకి కట్టరు. మనిషి ఒంటి మీది హార్నెస్‌కు కలుపుతారు. మధ్యలో రోప్ గ్రాబ్ అనే చిన్న పరికరం ఉంటుంది. మనిషి నెమ్మదిగా దిగుతుంటే అదీ వెంట జారుతుంది. ఒక్కసారిగా వేగం పెరిగితే తాడును కరిచి పట్టేస్తుంది. కారు సీటు బెల్టును నెమ్మదిగా లాగితే వస్తుంది, గట్టిగా గుంజితే బిగుసుకుంటుంది కదా.. అచ్చం అలాగే.

పని తాడు తెగినా, పలక విరిగినా, డిసెండర్ పాడైనా మనిషి రెండో తాడు మీద నిలుస్తాడు. అయితే ఒక షరతు ఉంది. రెండు తాళ్లనూ వేర్వేరు చోట్ల కట్టాలి. రెండింటినీ ఒకే పైపుకు కట్టి "డబుల్ సేఫ్టీ" అంటే లాభం లేదు. ఆ పైపు ఊడితే రెండూ కలిసే వస్తాయి. బ్రిటన్ 2005లో తెచ్చిన నిబంధనల్లో ఇదే రాశారు. విడివిడిగా కట్టిన రెండు తాళ్లు ఉండాలి, పని తాడుకు దానంతట అదే లాక్ అయ్యే పరికరం ఉండాలి, రక్షణ తాడు మీది పరికరం మనిషితో పాటే కదలాలి.

చాలా గల్లీ కాంట్రాక్టుల్లో కనిపించేది దీనికి రివర్స్. ఒకే తాడు. నడుముకు ఒక బెల్టు ఉన్నా దాని హుక్కు ఆ పలక తాడుకే తగిలించి ఉంటుంది. చూడటానికి బెల్టు ఉంది, భద్రత ఉంది అనిపిస్తుంది. కానీ తాడు తెగితే పలకా, బెల్టూ, మనిషీ ముగ్గురూ ఒకేసారి కిందికే. పైగా నడుము బెల్టు ఒక్కటే ఉంటే, పడే మనిషిని ఆపినా పొట్ట, వెన్ను మీద భారమంతా పడుతుంది. ఫుల్ బాడీ హార్నెస్ అవసరం అందుకే.

తాడు గట్టిదే.. కట్టిన చోటు సంగతేంటి?

తాడు ఎంత మంచిదైనా దాన్ని కట్టిన చోటు బలంగా లేకపోతే వృథా. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు స్టాండు, డిష్ స్తంభం, ప్లాస్టిక్ పైపు, లిఫ్టు గది తలుపు గడియ.. ఇలా చేతికి అందినదానికి కట్టడం మామూలైపోయింది. పిట్టగోడ బయటి నుంచి గట్టిగా కనిపిస్తుంది. కానీ అది చాలాచోట్ల ఇటుకల గోడే. పక్కకు లాగితే తట్టుకునేలా కట్టింది కాదు.

సరైన పద్ధతి ఏంటంటే.. బిల్డింగ్ కట్టేటప్పుడే కాంక్రీటు బీములో, పిల్లరులో స్టీలు యాంకర్లు పెట్టాలి. ఓషా రూల్ ప్రకారం ఒక్కో మనిషికి ఆ యాంకరు ఏ దిక్కుకు లాగినా 5,000 పౌండ్లు తట్టుకోవాలి. ఏటా నిపుణులతో తనిఖీ చేయించాలి. అవసరమైనప్పుడల్లా, కనీసం పదేళ్లకు ఒకసారైనా సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇవన్నీ చూశామని పని మొదలుకాకముందే రాతపూర్వకంగా చెప్పాల్సింది ఎవరో తెలుసా? కాంట్రాక్టరు కాదు.. బిల్డింగ్ ఓనర్! ఆ కాగితం చేతికి రాకుండా కార్మికుడిని దించకూడదు.

అదే రూల్‌లో ఎత్తుకూ హద్దు ఉంది. 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు దాటితే ఈ తాడు పద్ధతి వాడకూడదు. మరో మార్గం కుదరనప్పుడో, మరో మార్గం ఇంతకంటే ప్రమాదమైనప్పుడో మాత్రమే మినహాయింపు. సుమారు 30 అంతస్తుల లెక్క అది. తాడు పొడవు పెరిగేకొద్దీ గాలికి లోలకంలా ఊగడం ఎక్కువవుతుంది. అందుకే 130 అడుగులకు మించి దిగేటప్పుడు మనిషి గోడకు స్థిరంగా ఉండే ఏర్పాటు కూడా ఉండాలంటారు.

తాడును తినేసేవి ఇవే..

తాడు ఒక్కసారిగా తెగిపోదు. రోజూ కొంచెం కొంచెం చచ్చిపోతుంది. దానికి కారణాలు ఇవీ..

పిట్టగోడ అంచు: బరువుతో ఉన్న తాడు అంచు మీద అటూ ఇటూ కదిలితే రంపం కోసినట్టే. అంచు దగ్గర దళసరి గొట్టమో, రబ్బరు షీటో, మందపాటి ప్యాడో తప్పకుండా ఉండాలి.

యాసిడ్: కొత్త బిల్డింగుల మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ వాడతారు. నైలాన్ తాడుకు యాసిడ్ బద్ధ శత్రువు. బయటికి ఏమీ తెలియకుండానే లోపల బలం పోతుంది. పాలిస్టర్ తాడు యాసిడ్‌ను కొంత తట్టుకుంటుంది కానీ ఘాటైన క్షారాలకు దెబ్బతింటుంది.

ఎండ: నెలల తరబడి టెర్రస్ మీద ఎండలో పడేసిన తాడు పెళుసెక్కుతుంది. చవగ్గా దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాళ్ల మీద ఎండ దెబ్బ మరీ ఎక్కువ.

నీళ్లు: తడిసిన నైలాన్ తాడు బలం కొంత తగ్గుతుంది.

అందుకే రోజూ పనికి ముందు తాడును మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడాలి. ఎక్కడైనా పోగులు లేచినా, గట్టిపడినా, మెత్తబడి ఉబ్బినట్టున్నా, రంగు మారినా ఆ తాడును పక్కన పెట్టాలి. పక్కన పెట్టడమంటే మూలన పడేయడం కాదు. ముక్కలుగా కోసేయాలి. లేకపోతే రేపు ఇంకెవరో తీసుకెళ్లి కట్టేస్తారు.

గాలి వస్తే ఆపాలి.. కానీ ఆపుతున్నారా?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్కసారిగా గాలివాన ముంచుకొస్తుంది. కింద రోడ్డు మీద చిన్నగా అనిపించే గాలి 20వ అంతస్తు దగ్గర బలంగా ఉంటుంది. పలక మీద ఉన్న మనిషిని గోడకేసి కొడుతుంది. కాబట్టి ఉరుములు, ఈదురుగాలులు మొదలవకముందే పని ఆపి కిందికి దిగాలి.

కానీ కూలీ చదరపు అడుగు లెక్కన ఉంటే ఆపడం అంత తేలిక కాదు. ఎంత గోడ పూర్తయితే అంత డబ్బు. గాలి వచ్చిందని రెండు గంటలు ఆగితే ఆ నష్టం కార్మికుడిదే. రెండో తాడు కడితే ఒక వరుస నుంచి ఇంకో వరుసకు మారడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. అదీ నష్టమే. "వాళ్లకు భయం లేదు, చెప్పినా వినరు" అని తేలిగ్గా అనేస్తుంటారు. నిజానికి లెక్కలే వాళ్ల చేత ఆ రెండో తాడు విప్పిస్తున్నాయి. రేటు మాట్లాడుకునేటప్పుడే రెండో తాడు ఖర్చు, గాలివాన పూట ఆగే కూలీ కలిపితే ఈ బేరం మారుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

భవన నిర్మాణ కార్మికుల కోసం దేశంలో 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. కొత్తగా కట్టడమే కాదు, మరమ్మతులు, నిర్వహణ పనులనూ అందులో చేర్చారు. దాని స్థానంలో వృత్తి భద్రతపై తెచ్చిన కొత్త కార్మిక కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే పాత చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ ఒక గీత ఉంది. 10 మంది కంటే తక్కువ మందితో చేసే నిర్మాణ పని ఈ పరిధిలోకి రాదు. అపార్ట్‌మెంట్ రంగుల పనికి వచ్చే గ్యాంగులో చాలాసార్లు నలుగురైదుగురే ఉంటారు. అంటే ఎక్కువ ప్రమాదం ఉన్న పని చేసేవాళ్లే చాలావరకు ఆ గీతకు అవతల ఉండిపోతున్నారు. తనిఖీకి ఎవరో అధికారి వస్తారులే అనుకోవడానికి లేదు. అడగాల్సింది పని ఇచ్చేవాళ్లే.

హార్నెస్‌లకు ఐఎస్ 3521, హెల్మెట్లకు ఐఎస్ 2925 అని భారత ప్రమాణాలు ఉన్నాయి. కొనేటప్పుడు ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్ కమిటీ అడగాల్సిన 7 ప్రశ్నలు

పని అప్పగించే ముందు ఈ ప్రశ్నలు అడిగితే చాలు.. కాంట్రాక్టరు సంగతి తెలిసిపోతుంది.

1. ఒక్కో మనిషికి ఎన్ని తాళ్లు? ఒకటే అంటే పని ఇవ్వొద్దు.
2. రెండు తాళ్లూ వేర్వేరు చోట్ల కడతారా? దేనికి కడతారో టెర్రస్ మీదికి తీసుకెళ్లి చూపించమనండి. ఆ చోటు బలం స్ట్రక్చరల్ ఇంజినీరు చూశారా?
3. ఫుల్ బాడీ హార్నెస్ ఉందా? దాని హుక్కు రక్షణ తాడుకే ఉందా, పలక తాడుకు ఉందా?
4. పిట్టగోడ అంచున ప్యాడ్లు వేస్తారా?
5. పని జరిగినంతసేపూ టెర్రస్ మీద ఒక మనిషి ఉంటారా? తాడు ఎవరైనా విప్పకుండా, కదపకుండా చూసేది వాళ్లే.
6. పైన మనిషి స్పృహ తప్పితే ఎలా దించుతారు? అందుకు వేరే తాడు, తెలిసిన మనిషి ఉన్నారా? 101కు, 108కు ఫోన్ చేయాల్సిందే. కానీ వాళ్లు వచ్చేదాకా ఆ మనిషిని వేలాడదీసి ఉంచకూడదు.
7. కార్మికులకు ఇన్సూరెన్స్, సంక్షేమ బోర్డు గుర్తింపు కార్డు ఉన్నాయా?

అపార్ట్‌మెంట్ వాళ్లూ కొన్ని పాటించాలి. పని జరిగే వైపు కింద తాడు కట్టి దారి మూసేయాలి. పిల్లల్ని అటు పంపొద్దు. 15వ అంతస్తు నుంచి పడే బ్రష్షు కూడా తల పగలగొడుతుంది. మనిషి బయట ఉన్నప్పుడు కిటికీ తలుపులు ఒక్కసారిగా బయటికి తోయొద్దు. టెర్రస్ మీద బట్టలు ఆరేయడానికి అడ్డమొచ్చిందని ఎవరూ తాడు ముట్టుకోకూడదు.

తాటిచెట్టు దగ్గర సాధ్యమైంది.. మేడ దగ్గర కాదా?

ఎత్తు మీద తాడును నమ్ముకుని బతకడం తెలుగు నేలకు కొత్త కాదు. కల్లుగీత కార్మికులు తరతరాలుగా మోకు, ముస్తాదుతోనే తాళ్లెక్కుతున్నారు. మోకు జారితే అంతే సంగతులు. చెట్టు మీద నుంచి పడి ఎన్నో కుటుంబాలు రోడ్డున పడ్డాయి. "అది వాళ్ల వృత్తి, వాళ్లకు అలవాటే" అని చాలాకాలం సరిపెట్టుకున్నారు. చివరికి 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. దాని వెనకున్న ఆలోచన ఒకటే. చెయ్యి జారినా, కాలు జారినా మనిషి మాత్రం కింద పడకూడదు.

మేడ బయట వేలాడే మనిషికీ అదే ఆలోచన కావాలి. మెత్తటి సీటు ఇస్తే నడుం నొప్పి తగ్గుతుంది. మంచి డిసెండర్ ఇస్తే చేతులకు శ్రమ తగ్గుతుంది. కానీ సాయంత్రం ఆ మనిషి తన ఇంటికి నడిచి వెళ్లేలా చేసేది మాత్రం వేరే చోట గట్టిగా కట్టిన రెండో తాడే. ఈసారి బాల్కనీ ముందు ఆ రెండు కాళ్లు కనిపిస్తే ఒక్కసారి తల ఎత్తి తాళ్లు లెక్కపెట్టండి. ఒకటే కనిపిస్తే వెంటనే పని ఆపించండి.